ముందు ఆనిన కాలు

తండయార్‌పేట కార్పొరేషన్ మైదానంలో
సున్నంతో గీసిన కోర్టు.
ఆరింటికి నీళ్లు చల్లారు, తొమ్మిదికల్లా దుమ్ము.
రేవు వైపు నుంచి గాలి,
అందులో ఎండుచేపలు, కాస్త డీజిలు.
రావలసిన అంపైరుకి జ్వరమట.
రెండు బళ్లవాళ్లూ ఒప్పుకున్నాక
ఈల నా మెడలో పడింది.
జేబులో రెండువందల యాభై రూపాయల వోచరు,
ఇంకా సంతకం పెట్టలేదు.

గోడ మీద కూచున్నవాళ్లు బాస్కెట్‌బాల్ అనుకుంటారు.
కాదు.
బంతిని నేలకేసి కొడుతూ పరుగెత్తడం ఇక్కడ కుదరదు.
పట్టుకున్నావా, ఆగు.
ముందు ఏ కాలు ఆనిందో అదే నీ గుంజ.
రెండో కాలితో దాని చుట్టూ
కట్టేసిన దూడలా ఎటైనా తిరుగు.
మూడు సెకన్లు.
ఆ తర్వాత బంతి నీది కాదు.
రింగు వెనక పలక కూడా ఉండదు,
తగిలి లోపలికి జారే అదృష్టం ఎవరికీ రాసిపెట్టలేదు.
గురి తప్పితే ఆ బంతి
గోడ దాటి ఇడ్లీ బండి దగ్గర ఆగుతుంది.

నేను ఆడిన నాలుగేళ్లూ వింగ్ డిఫెన్స్.
గోలు వేసే అర్ధచంద్రంలో
ఒక్కసారీ కాలు పెట్టలేదు. పెట్టకూడదు.
"మరి నువ్వు చేసేదేంటే అక్కడ?" అనేది అమ్మ.
"అడ్డంగా నిలబడతా. మూడడుగుల దూరంలో, చేతులెత్తి."
"ఆ నిలబడేదేదో కార్పొరేషన్ కొళాయి దగ్గర నిలబడు,
రెండు బిందెలైనా వస్తాయి."

సుగుణ మేరి నాలా కాదు. గోల్ అటాక్.
పదిహేనేళ్లు, కొంగ మెడ,
అరవంలో అరుస్తుంది, తెలుగులో తిట్టుకుంటుంది.
దాని కాళ్లకున్నవి నా బూట్లే.
రెండేళ్ల కిందట ఇచ్చినప్పుడు
బొటనవేళ్ల దగ్గర దూది కుక్కుకునేది.
ఇప్పుడు దూది అక్కర్లేదు.
నేను చూడనట్టే ఉన్నాను,
కుడి బూటు అంచున ఎండిన జిగురుని.

నాలుగో క్వార్టరు.
ఇరవై రెండు వాళ్లది, ఇరవై ఒకటి మాది.
మాది అనకూడదు. ఈల వేసుకున్నాక
మాది అనే మాట లేదు.
సెంటరు నుంచి తమిళ్‌సెల్వి విసిరింది, ఎత్తుగా.
మేరి గాల్లోకి లేచింది.
అవతలి గోల్ కీపర్ చేతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి,
దీని చేతుల్లో అప్పటికే బంతి.
కుడికాలు ఆనింది.
ఒకటి.
గాలి ఎటుందో చూసుకుంది.
రెండు.
కుడికాలు కదిలింది.
నాలుగు వేళ్లంత. అంతే.
దుమ్ములో ఒక చార,
పలక మీద రాసింది తడి వేలితో చెరిపినట్టు.

ఊదాలని నేను అనుకోలేదు.
అనుకునేలోపే నోరు ఊదేసింది.
బంతి అప్పటికే దాని వేళ్లు వదిలింది.
రింగు ఇనుముకి కూడా తగలకుండా
నిట్టనిలువుగా దిగింది.
వలలో చిన్న చప్పుడు.
అంత మంచి గోలు ఆ ఉదయమంతా చూడలేదు.
లెక్కలోకి రాదు.

డెయిసీ టీచర్ నా వైపు చూడలేదు.
అన్నానగర్ పిల్లలు ఒకేరంగు బూట్లతో గెంతుతున్నారు.
మేరి గొడవ పడలేదు.
గీత అవతల కూచుని కుడి బూటు విప్పింది.
అడుగుభాగం సగం ఊడి
వేడికి నోరు తెరిచిన కుక్కలా ఉంది.
"రాత్రంతా ఇటుక కింద పెట్టానక్కా."

నేను నీళ్ల సీసా ఇచ్చాను. తాగింది.
"కదిలిందా?"
"కదిలింది."
"కాలా, బూటా?"

నియమాల పుస్తకం నాకు కంఠతా వచ్చు.
ఏ పేజీలోనూ ఆ ప్రశ్న లేదు.

బూట్లు రెండూ చేత్తో పట్టుకుని
కాలే తారు మీద బస్‌స్టాపు వైపు నడిచింది.
ముందు ఏ కాలు వేస్తుందో
చూడకూడదనుకున్నాను.
చూశాను.